పండుగ పాకం పుట్టుపూర్వోత్తరాలు

 

నెలగంట పెట్టి మూడు వారాలు దాటిందంటే మన పల్లెల్లో ఏ వీధిన నడిచినా ఒకటే వాసన. అది పాకం వాసన. కూతుళ్లు, అల్లుళ్లు, పై ఊళ్లలో ఉద్యోగాలు చేసుకుంటున్న కొడుకులు, మనవలు అంతా భోగినాటికి ఇల్లు చేరతారు. వాళ్లు బండి దిగేలోపల అరిసెలు, చిమ్మిలి, నువ్వుండలు, వేరుశనగ పట్టీ డబ్బాలకెక్కాలి. ఓపిక ఉన్న ఇంట్లో అయితే జీళ్లు కూడా లాగుతారు. ఏడాదిలో ఇంకెన్ని పండుగలున్నా ఇంటిల్లిపాదీ ఒక మూకుడు చుట్టూ చేరి మిఠాయి చేసుకునేది ఈ పండుగకే.

పిండివంటల ఊసు వ్యవసాయ శాఖవాడికెందుకయ్యా అని మీరు అడగవచ్చు. అడగండి, తప్పులేదు. మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి ముందు చెబుతాను.

కొన్నేళ్ల కిందట సంక్రాంతికి మా నాయనమ్మకు సాయంగా నేనే బజారుకు వెళ్లి బెల్లం తెచ్చాను. పసుపుపచ్చగా, బంగారంలాగ మెరుస్తున్న దిమ్మ. ధర కూడా రెండు రూపాయలు ఎక్కువే పెట్టాను. నాయనమ్మ మూకుట్లో వేసి, చారెడు నీళ్లు పోసి, పొయ్యి మీద పెట్టింది. పాకం పొంగుతున్నది, నురుగు కడుతున్నది గాని ముదరడం లేదు. పళ్లెంలో నీళ్లు పోసి చుక్క వేస్తే జిగురులాగ సాగుతున్నది తప్ప గట్టిపడదు. ఇంకాస్త మంట పెడితే మాడు వాసన కొట్టింది. రెండు కిలోల వేయించిన పల్లీలు పక్కన చల్లారిపోయి కూర్చున్నాయి. "ఏట్రా నాయనా, ఇది బెల్లమేనా?" అని ఆమె నా మొహం చూసింది. చెరకు సాగు పుస్తకాల్లో చదివి, పరీక్ష రాసి, డిప్లొమా పుచ్చుకున్నవాణ్ణి. జవాబు చెప్పలేక తల వంచుకున్నాను. ఆ యేడు వచ్చిన చుట్టాలకు కొట్టు మిఠాయి పెట్టాము.

ఆ జవాబు వెతుక్కుంటూ పోతే అది చాలా దూరం తీసుకువెళ్లింది. అదే ఈ ప్రసంగం.

మొట్టమొదట చెరకు సంగతి. మనం ఇవాళ నమిలే లావుపాటి, మెత్తటి చెరకు పుట్టింది మన దేశంలో కాదు. ఆస్ట్రేలియాకు ఉత్తరాన న్యూగినీ అనే పెద్ద ద్వీపం ఉన్నది. అక్కడి జనం వేల సంవత్సరాల కిందట దాన్ని పెరట్లో పెంచుకొని నమిలేవారు. అక్కడ నుంచి ద్వీపం ద్వీపం దాటుకుంటూ పడమటికి వచ్చింది. మన ఉత్తరాదిన సన్నపాటి, గట్టి చెరకు రకాలు వేరే ఉండేవి. కాబట్టి మొక్కను గురించి మనం గొప్ప చెప్పుకోనక్కరలేదు. గొప్పంతా ఆ రసాన్ని కాచడంలో ఉన్నది. రసాన్ని పొయ్యి మీద పెట్టి, నీరు ఇగిర్చి, నిలవ ఉండే ముద్దగా, ఆ తరువాత పలుకుగా మార్చిన విద్య ఈ దేశపు రైతులది.

దీనికి సాక్ష్యాలున్నాయి. క్రీస్తుకు పూర్వం 326 ప్రాంతంలో అలెగ్జాండరు దండెత్తి వచ్చినప్పుడు ఆయన నౌకాధిపతి నియార్కస్, ఈ దేశంలో తేనెటీగలు లేకుండానే తేనె ఇచ్చే రెల్లు ఉన్నదని ఆశ్చర్యపోతూ రాసుకున్నాడు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో చెరకు సరుకులు అయిదు వరసగా ఉన్నాయి. ఫాణితం, గుడం, మత్స్యండిక, ఖండం, శర్కర. ఫాణితమంటే చిక్కగా కాచిన చెరకు పాకం. గుడమంటే మన బెల్లం. మత్స్యండికకు ఆ పేరు చేప గుడ్లవంటి పలుకులు ఉండటంవల్ల వచ్చింది. ఖండం గడ్డకట్టినది, శర్కర పలుకులు తేరినది. ఒక సరుకు నుంచి ఇంకొక సరుకుకు వెళ్లేకొద్దీ మడ్డి పోయి తెలుపు వస్తుంది. ఇప్పుడు మా నాయనమ్మ లేత పాకం, ముదురు పాకం, తీగ పాకం, ఉండ పాకం అని చెప్పే లెక్క వంటిదే ఇది. పేర్లు మారాయి, అంతే.

ఆ ఖండం అనే మాట మన నోట ఇంకా ఉన్నది. గుడిలో ప్రసాదంగా పెట్టే కలకండ చూడండి, అందులో ఉన్నది అదే. పారశీకులు దాన్నే ఖంద్ అన్నారు. అరబ్బుల మీదుగా ఐరోపాకు పోయి ఇంగ్లీషువాళ్ల నోట క్యాండీ అయింది. అట్లాగే శర్కర మన చక్కెర అయింది, అదే దూరదేశాలు తిరిగి షుగరైంది. మలయాళంలోని చక్కరను పోర్చుగీసువాళ్లు జాగర అంటే, ఇంగ్లీషువాళ్లు జాగరీ అన్నారు. పట్నం నుంచి వచ్చిన మనవడు క్యాండీ కావాలని మారాం చేస్తే, వాడు అడిగేది మన మాటే, మన సరుకే. కొట్టుకు పోనక్కరలేదు.

పై దేశాలవాళ్లకు ఈ విద్య అంత సులువుగా అబ్బలేదు. క్రీస్తు శకం 647లో చైనా చక్రవర్తి తైజాంగ్ చెరకు కాచే పద్ధతి నేర్చుకు రమ్మని మనుషులను మగధకు పంపించాడు. ఒక చక్రవర్తి తన మనుషులను పంపి బెల్లం పొయ్యి దగ్గర నిలబెట్టాడంటే, ఆ పొయ్యి ముందు కూర్చున్నవాని చేతిపనికి ఎంత విలువో ఊహించండి.

ఇక మన తెలుగు దేశానికి వద్దాం. వినుకొండ వల్లభరాయుని పేరున ఉన్న క్రీడాభిరామంలో ఓరుగల్లు నగరపు పూటకూళ్లింటి భోజనం ఒకటి వస్తుంది. ఒక్క రూక ఇస్తే కమ్మని అన్నం, గోధుమపిండి వంట, వాటితోబాటు గుప్పెడు పంచదార కూడా వడ్డిస్తారట. ఆరు వందల ఏళ్ల కిందటి మాట. డబ్బిచ్చి తినే భోజనంలో ప్రత్యేకంగా చెప్పుకోదగిన వస్తువుగా పంచదార కనిపిస్తున్నదంటే, మామూలు ఇళ్లలో బెల్లమే వాడుకగా ఉండేదని నేను అనుకుంటాను. బెల్లం కూడా ఎల్లవారికీ దొరికేదని అనుకోకండి. చెరకు సుమారు ఏడాది పాటు నీరు కోరే పైరు. చెరువు కిందనో, ఏటి ఒడ్డునో, నిలకడగా ఊట ఉన్న బావి కిందనో తప్ప పండేది కాదు. నీరు లేని ఊళ్లకు తాటిచెట్టు ఉండనే ఉన్నది. తాటి బెల్లంతో ఉండలు చుట్టుకున్న ఇళ్లు మన జిల్లాల్లో తక్కువ కాదు.

ఈ పాకంలో పడే గింజల సంగతి కూడా చెప్పుకోవాలి. నువ్వు మన పాత పంట. హరప్పా తవ్వకాల్లో మాడిన నువ్వులు బయటపడ్డాయి. అంటే నాలుగు వేల ఏళ్లకు పైమాటే. అసలు మన నూనె అనే మాటే నువ్వు, నెయ్యి అనే రెండు మాటలు కలిసి వచ్చినది. ఇప్పుడు పామాయిలును కూడా నూనె అంటున్నాము గాని, మొదట నూనె అంటే నువ్వులదే. చలికాలంలో నువ్వూ బెల్లమూ కలిపి తినడం ఇక్కడే కాదు, మహారాష్ట్రలోనూ సంక్రాంతినాటి ఆచారమే. మన వైపు రోట్లో వేసి దంచి చిమ్మిలి చేస్తారు. పొయ్యి కూడా అక్కరలేదు. బెల్లం మంచిదైతే నువ్వుల నూనెకు అదే ముద్ద అవుతుంది.

వేరుశనగ సంగతి వేరు. అది దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పంట. చెన్నపట్నం రాజధానిలో పెద్దఎత్తున సాగైంది 19వ శతాబ్దం ద్వితీయార్ధంలోనే. అటు తరువాత రాయలసీమ మెట్ట పొలాలకు అది ప్రాణమైంది. కాబట్టి పల్లీ పట్టీ ఎప్పటినుంచో వస్తున్న వంటకమని మనం అనుకుంటాము గాని, మన తాతల తాతలు దాన్ని ఎరగరు. కొత్త పంట వస్తే పాత పాకంలో ఇమిడిపోయింది. ఆచారమనేది ఇట్లాగే సాగుతుంది. కొత్త రకం విత్తనం ఇవ్వబోతే "మా పెద్దలు ఎరగని పంట" అనే రైతులకు నేను పట్టీ ముక్క చూపిస్తుంటాను.

అరిసెకు కావలసినవి కొత్త బియ్యం, కొత్త బెల్లం. వరి కుప్పలు నూర్చి ధాన్యం ఇల్లు చేరడం, తోటల్లో చెరకు పక్వానికి వచ్చి గానుగ కట్టడం, ఖరీఫ్ నువ్వు గాదెకెక్కడం ఈ మూడూ ఒకేసారి కలిసేది ఒక్క పుష్యమాసంలోనే. పండుగ వంటను ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు. చేలో ఏది ఉంటే అది మూకుట్లోకి వచ్చింది.

జీళ్ల సంగతి చెప్పకుండా ముందుకు పోవడం అన్యాయం. తిరునాళ్లలో కొనుక్కుని తినడమే గాని ఇంట్లో లాగేవాళ్లు బాగా తగ్గిపోయారు. బెల్లాన్ని బాగా ముదురు పాకం పట్టి, నెయ్యి రాసిన బండ మీద పోసి, చెయ్యి పట్టే వేడిలో ముద్ద చేసి, గుంజకు కొట్టిన మేకుకు తగిలించి లాగుతారు. లాగి మడవడం, మడిచి లాగడం. లాగిన కొద్దీ గాలి చేరి నల్లటి పాకం గోధుమ రంగుకు, ఆ పైన తెలుపుకు తిరుగుతుంది. అప్పుడు తాడులాగ సాగదీసి, ముక్కలు కోసి, నువ్వుల్లో దొర్లిస్తారు. తెగని వ్యవహారాన్ని జీళ్లపాకం అనడం దీన్నిబట్టే వచ్చింది. ఈ పనికి కనీసం ఇద్దరు కావాలి. బావామరదళ్లు చేరితే నలుగురు కావాలి, ఎందుకంటే సగం లాగుతుండగానే తినేస్తారు.

ఇప్పుడు గానుగ. పూర్వం కర్ర రోళ్ల గానుగలే. ఎంత బిగించి తిప్పినా రసం చాలావరకు పిప్పిలోనే ఉండిపోయేది. 1870 దశకంలో బీహారులోని బిహియా అనే ఊళ్లో థామ్సన్, మిల్న్ అనే దొరలు ఎద్దులు తిప్పే ఇనుప రోళ్ల గానుగ తయారుచేశారు. అది క్రమంగా దేశమంతా పాకింది. తరువాత ఇంజన్లు, కరెంటు మోటార్లు వచ్చాయి. రసం కాచే పెనం, పొయ్యి మాత్రం పెద్దగా మారలేదు. పిప్పినే ఎండబెట్టి ఆ పొయ్యిలోనే కాల్చడమూ మారలేదు.

ఈ తీపి వెనుక ఒక చేదు కథ కూడా ఉన్నది. అది మన తెలుగువాళ్లదే గనుక దాటిపోలేను. ఐరోపావాళ్లు పంచదార రుచి మరిగిన తరువాత సముద్రాల అవతల దీవుల్లో చెరకు తోటలు వేశారు. ఆ తోటల్లో మొదట ఆఫ్రికా బానిసల చేత పని చేయించారు. మారిషస్ దీవిలో 1835లో బానిసత్వం రద్దయింది. మరి చెరకు నరికేదెవరు? 1834 నుంచే మన దేశం మీద పడ్డారు. అయిదేళ్ల ఒడంబడిక, నెలకు అయిదు రూపాయల జీతం. అందులో విశాఖపట్నం, గోదావరి జిల్లాల వాళ్లు గోదావరి పాయ మీద ఉన్న కోరంగి రేవు నుంచి ఓడలెక్కారు. 1860 నవంబరులో ట్రూరో అనే ఓడ చెన్నపట్నం నుంచి కూలీలను దక్షిణాఫ్రికాలోని నేటాలుకు చేర్చింది. అందులోనూ తెలుగువాళ్లున్నారు. అక్కడా చెరకు తోటలే. 20వ శతాబ్దం మొదట్లో ఫిజీకి కూడా వెళ్లారు. కూలీలను ఇట్లా చేర్చుకోవడం 1917లో ఆపేదాకా సాగింది. మారిషస్‌లో ఉగాది ఈనాటికీ ప్రభుత్వ సెలవుదినం. వాళ్ల ముత్తాతలు ఇక్కడి చెరకు చేలల్లో జడచుట్లు వేసినవాళ్లే కావచ్చు. ఇంటి పండుగకు రాలేక, పరాయి దీవిలో పరాయివాళ్ల పంచదార కోసం పాటుపడ్డ మనుషులు వాళ్లు.

ఇక్కడ మిగిలిన రైతులకు మరొక ఉపద్రవం వచ్చింది. 19వ శతాబ్దం చివరలో గోదావరి డెల్టాలో చెరకు నిలువునా ఎండిపోసాగింది. గడ నిలువుగా చీలిస్తే లోపల ఎర్రగా, అక్కడక్కడ తెల్లటి అడ్డమచ్చలతో, సారా వాసన కొట్టేది. అదే ఎర్రకుళ్ళు తెగులు. దాని సంగతి తేల్చడానికి 1902లో సామర్లకోటలో చెరకు పరిశోధన క్షేత్రం పెట్టారు. 1912లో కోయంబత్తూరులో చెరకు ప్రజనన కేంద్రం వచ్చింది. 1913లో మన అనకాపల్లిలో పరిశోధనా స్థానం వెలిసింది. అది ఈనాటికీ పని చేస్తున్నది.

కోయంబత్తూరులో జరిగిన పని రైతు అన్నవాడు ప్రతివాడూ తెలుసుకోదగినది. అక్కడ బార్బరు దొర, ఆయనతోబాటు టి.ఎస్. వెంకట్రామన్ గారు, లావు చెరకును రెల్లు గడ్డితో సంకరం చేశారు. గోదావరి, కృష్ణ లంకల్లో తెల్లటి కుచ్చులు పూసే ఆ రెల్లే, మనం గుడిసెలు కప్పుకునే ఆ రెల్లే. తీపి చెరకుది, మొండితనం రెల్లుది. అట్లా పుట్టిన కో 205 రకాన్ని 1918లో పంజాబు రైతులకు ఇచ్చారు. తరువాత మన దక్షిణాదికి కో 419 వచ్చింది. దాని తల్లి జావా ద్వీపపు రకం. ఆ రోజుల్లో జావా పంచదార ఓడలకొద్దీ దిగి మన బెల్లాన్నీ, మన చక్కెరనూ ముంచెత్తుతుంటే, అదే జావా చెరకును తెచ్చి మన రకానికి తల్లిని చేశారు. నాకు ఈ సంగతి తలచుకుంటే ఇప్పటికీ సరదాగా ఉంటుంది. నియార్కస్ మన చెరకును తేనె ఇచ్చే రెల్లు అన్నాడు గదా! ఇవాళ్టి చెరకు నిజంగానే సగం రెల్లు చుట్టం.

1932లో దేశీ పంచదార పరిశ్రమకు రక్షణ చట్టం వచ్చింది. దేశంలో సుమారు ముప్పై ఉన్న ఫ్యాక్టరీలు మూడు నాలుగేళ్లలో నూట ముప్పై దాకా పెరిగాయి. లక్కబొమ్మల ఊరు ఏటికొప్పాకలో 1933లో రైతులే సహకార పద్ధతిన ఫ్యాక్టరీ పెట్టుకున్నారు. 1930 దశకంలోనే బోధనులో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది, 2015లో మూతపడింది. పంచదార చవకై మామూలు ఇళ్లకూ వచ్చింది. పంచదార పాకాన్ని చెక్క అచ్చుల్లో పోసి చేసే చిలకలు సారెల్లోకీ, పండుగ పళ్లేల్లోకీ ఎక్కాయి. రెండవ ప్రపంచ యుద్ధంలో 1942లో పంచదార మీద కంట్రోలు వచ్చేసరికి మళ్లీ అందరూ బెల్లం తట్ట వెతుక్కున్నారు. మా నాయనమ్మ చిన్నప్పుడు వాళ్లింట పంచదార చుట్టాలకు మాత్రమేనట.

ఇంత చరిత్ర చెప్పి, నా బంగారు దిమ్మ సంగతి దాటవేస్తే మీరు ఒప్పుకోరు.

చెరకు రసంలో ఉన్న అసలు తీపి సుక్రోజు. పలుకు కట్టేది, పాకం ముదిరేది దానివల్ల. గడ నరికిన తరువాత ఎండలో పడివుంటే ఆ సుక్రోజు విరిగి గ్లూకోజు, ఫ్రక్టోజు అనే రెండు చక్కెరలవుతుంది. నోటికి తీపిగానే ఉంటాయి గాని ఇవి పలుకు కట్టవు, గాలిలోని చెమ్మను పీల్చి జిగురవుతాయి. ముదిరి పోయిన తోట, నీరు నిలిచిన తోట, పడిపోయిన తోట, తెగులు తగిలిన తోట, వీటి రసంలోనూ ఇదే జరుగుతుంది. చివరిదాకా యూరియా గుప్పించిన తోట బెల్లం గట్టిపడదు. చౌడు నేల బెల్లం ఉప్పగా ఉండి, వానాకాలంలో కారిపోతుంది. నేను ఆ దిమ్మ వచ్చిన దారి పట్టుకుని అడిగి తెలుసుకున్నాను. కూలీలు దొరక్క నరికిన గడ అయిదు రోజులు గట్టు మీదే ఉన్నదట. ఆ రసం కాస్తే నల్లటి, మెత్తటి బెల్లం వస్తుంది. నల్లబెల్లానికి ధర లేదు. పైగా సారా కాచేవాళ్లకోసమేమోనని అనుమానం కూడా. అందుకని పెనంలో హైడ్రోసు పొడి ఇంత వేశారు. రంగు తేలింది. అదే రంగు చూసి నేను రెండు రూపాయలు ఎక్కువ పెట్టాను.

ఆ రైతును నేను తప్పు పట్టను. పచ్చటి దిమ్మకే ఎక్కువ ధర పలుకుతుంటే ఆయన ఏం చేస్తాడు? పచ్చదనం అడిగింది కొనేవాళ్లం మనం. ఆ గంధకపు పొడి వేసిన బెల్లం కొన్ని వారాలు నిలవ ఉంటే తిరిగి నల్లబడుతుంది. ఎక్కువైతే ఒంటికీ మంచిది కాదు. మన పెద్దలు మడ్డి తీయడానికి బెండ మొక్క కాండం, వేళ్లు నలగ్గొట్టి తీసిన జిగురు వాడేవారు. పులుపు విరగడానికి కొంచెం సున్నపు తేట వేసేవారు. ఈ రెండూ ఇప్పటికీ పనికివచ్చేవే. గడ నరికిన రోజునే, ఆలస్యమైతే మరునాటికల్లా గానుగ ఆడాలి. అంతకంటే నిలవ పెట్టవద్దు. పొయ్యి మీద 118 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతంలో దించుకుంటే దిమ్మ గట్టిగా నిలుస్తుంది. వంద కిలోల చెరకుకు సుమారు పది కిలోల బెల్లం దిగుతుంది.

విస్తరణ సిబ్బందికి ఒక మాట. పుష్యమాసంలో ఏ బెల్లం పొయ్యి దగ్గరికి వెళ్లినా, రైతును బెల్లం పాకం పట్టి చూపించమని అడగండి. పరికరాలు అక్కరలేదు. ఒక మూకుడు, పళ్లెంలో చన్నీళ్లు చాలు. పాకం చుక్క నీళ్లలో వేస్తే కరగకుండా వేళ్ల మధ్య మెత్తటి ఉండ కట్టాలి. అరిసెలకు అది చాలు, అక్కడ దించి తడిపిండి కలపాలి. పట్టీకీ, జీళ్లకూ ఇంకా ముదరాలి. అప్పుడు ఉండ గట్టిపడి, పళ్లెం అంచుకు కొడితే టంగుమని మోగాలి, విరిస్తే పెళుక్కున విరగాలి. కిలో వేయించి పొట్టు తీసిన పల్లీలకు ముప్పావు కిలో బెల్లం సరిపోతుంది. దించే ముందు చెంచాడు నెయ్యి, చిటికెడు వంటసోడా వేస్తే పట్టీ గుల్లగా వస్తుంది. బెల్లంలోని పులుపుకు సోడా పొంగి గాలి బుడగలు చేరడమే అందులో కిటుకు. వేడిగా ఉండగానే నెయ్యి రాసిన పళ్లెంలో పరిచి, అప్పడాల కర్రతో ఒత్తి, గాట్లు పెట్టాలి. చల్లారాక గాట్లు పడవు. పిల్లలను దగ్గరికి రానీయకండి. కాగిన పాకం మరిగే నీళ్లకంటే ఎక్కువ వేడి, ఒంటిమీద పడితే అంటుకుని వదలదు.

మరుసటి సంక్రాంతికి నేను బజారుకు పోలేదు. మా మండలంలో ఒక రైతు నాలుగు కుంచాల నేలలో పెంట ఎక్కువ, యూరియా తక్కువ వేసి చెరకు పెంచాడు. నరికిన పూటే గానుగ ఆడాడు. దిమ్మ ముదురు గోధుమ రంగు. చూసి మా తమ్ముడు పెదవి విరిచాడు. నాయనమ్మకు చూపు బాగా తగ్గింది, రంగు ఆమెకు పట్టలేదు. గోటితో గిల్లి నోట్లో వేసుకుంది. మూకుడు ఎక్కించమంది. పళ్లెం తన ఒళ్లో పెట్టుకుని, నేను వేసిన చుక్కను వేళ్లతో తీసి ఉండ చేసి, అంచుకేసి కొట్టింది. రెండుసార్లు "ఇంకా కాలేదు" అన్నది. మూడోసారి టంగుమన్నది.

"దించరా" అన్నది. పల్లీలు పోశాము.